డాక్టరుకి చెప్పని ఆకుకూర

ఆ ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. కూలరు ఆగింది, ఫ్యాను ఆగింది. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని ఆకు వలుస్తున్నాను. మా ఆయన దివాన్ మీద పడుకుని పేపరు మొహానికి అడ్డం వేసుకున్నారు. కరెంటు పోయినప్పుడల్లా మా ఇంట్లో ఒక చప్పుడు వినిపించేది, చేతి గడియారం చెవి దగ్గర పెట్టుకున్నట్టు టిక్కు టిక్కుమని. అది మా ఆయన గుండెలో ఉన్న మెటల్ వాల్వు చప్పుడు. ఏడేళ్ళుగా వింటున్నాం. మా అమ్మాయి మాధురి చిన్నప్పుడు వాళ్ళ నాన్న పక్కన పడుకుని ఆ టిక్కులు లెక్కపెడుతూ నిద్రపోయేది. ఆ రోజు అది వినిపించలేదు.

ముందు నా చెవులనే అనుమానించాను. లేచి దగ్గరికి వెళ్ళి నించున్నాను. అయినా లేదు. వెల్లకిలా పడుకోమన్నాను. నిద్ర పట్టే వేళకి ఇదేం గోలని విసుక్కున్నారు. వినిపించుకోకుండా గుండె మీద చెవి పెట్టాను. చప్పుడుంది. కానీ గుడ్డలో చుట్టి కొట్టినట్టు మెత్తగా, ముద్దగా ఉంది. నాలుగు రోజులుగా బస్సు ఎక్కితే ఆయాసం వస్తోందని ఆయన అంటూనే ఉన్నారు, భాద్రపదం ఉక్క అలాగే ఉంటుందిలే అని నేను కొట్టిపారేస్తూనే ఉన్నాను.

అసలు సంగతి తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మాది తుని పక్క పల్లెటూరు. మా ఆయన ఇక్కడ ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంటు. చిన్నతనంలో ఆయనకి కీళ్ళ నొప్పులతో జ్వరం వచ్చిందట. అది రుమాటిక్ ఫీవర్ అని ఎవరికీ తెలీదు. ముప్ఫయ్యేడేళ్ళు వచ్చేసరికి మైట్రల్ వాల్వు పాడైపోయింది. పెద్ద సర్కారీ ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి మెటల్ వాల్వు వేశారు. ఇక జన్మంతా రక్తం పల్చబడే బిళ్ళ వేసుకోవాలి. దాని పేరు వార్ఫరిన్. నెలకోసారి ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష. మా ఆయనకి అది రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. తగ్గితే వాల్వు మీద రక్తం గడ్డకడుతుంది. పెరిగితే ఎక్కడో చోట రక్తం కారుతుంది.

డిశ్చార్జి రోజు అక్కడి డాక్టరు చెప్పిన మాటలు నాకిప్పటికీ గుర్తున్నాయి. పాలక్, సర్సోం కా సాగ్, మేథీ, పత్తా గోభీ బంద్ అన్నారు, అంటే పాలకూర, ఆవాకు, మెంతికూర, క్యాబేజీ మానెయ్యాలని. మేం తు.చ. తప్పకుండా పాటించాం. ఆ రోజు నుంచీ బండి మీద వచ్చే ఆకుకూర ఒక్క కట్ట కొనలేదు. ఆకుకూర లేకపోతే ముద్ద దిగని మనుషులం, అయినా కొనలేదు. ఆరేళ్ళు సొరకాయ, బీరకాయ, బంగాళాదుంపలతోనే సంసారం నడిచింది. ఆ ఆరేళ్ళూ పరీక్షలు బాగానే ఉన్నాయి. రోజుకి ఐదు మిల్లీగ్రాముల బిళ్ళ, అంతే.

ఏడో ఏడు మాకు గ్రౌండ్ ఫ్లోర్ క్వార్టరు వచ్చింది. వెనకాల పెరడు. అంతకు ముందున్నవాళ్ళు పెరడంతా వదిలేసి వెళ్ళారు. ఆస్పత్రి ముందు రోడ్డంతా మెట్రో కోసం తవ్వేసిన రోజులవి. జూలైలో నాలుగు వానలు పడేసరికి పెరడు పచ్చగా లేచింది. పక్క క్వార్టరు ఆంటీ వచ్చి చూసి, ఈ గడ్డి అంతా తోట మాలీని పిలిచి కోయించెయ్యమంది. నేను వంగి చూశాను. అది గడ్డి కాదు. గోడ వారన గంగపావిలికూర నేలంతా పాకి ఉంది. ఎర్ర కాడల గలిజేరు, చెంచలికూర, దానంతటదే మొలిచిన చిలకతోటకూర ఉన్నాయి. కారే కుళాయి దగ్గర తడిలో పొన్నగంటి. పుట్టింట్లో ఎనిమిదేళ్ళ వయసు నుంచి మా నాయనమ్మ వెనకాల తిరిగి కోసినవే అన్నీ. ఢిల్లీ వచ్చి పదిహేడేళ్ళయింది, వాటిని మళ్ళీ చూస్తాననుకోలేదు. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది.

ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. పొద్దున్నే తడి ఆరకముందే గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళేదాన్ని. గంగపావిలిలా కనిపించే దొంగమొక్క ఒకటుంటుంది, కాడ తుంచితే పాలొస్తాయి, అది పారెయ్యాలి. పాలు రానిదే మనది. అది కాస్త పులుపు కాబట్టి పప్పులో చింతపండు తక్కువ వెయ్యాలి. గలిజేరు లేత చివుళ్ళు మాత్రమే కోసి, ఒక పొంగు రానిచ్చి, నీళ్ళు వార్చేసి, పెసరపప్పు పలుకుగా ఉడికించి, ఎండుమిరపకాయ వెల్లుల్లి తాలింపు పెడితే అన్నంలోకి ఇంకేం అక్కర్లేదు. పొన్నగంటి కళ్ళకి చలవని పప్పు వండేదాన్ని. తోటకూర పులుసు సరేసరి. మా ఆయన ఆరేళ్ళ ఆకలి తీరినట్టు తినేవారు. మాధురికి అప్పటికి పద్నాలుగేళ్ళు, కంచం చూడగానే ముక్కు చిట్లించేది.

"మమ్మీ, ఫిర్ సే ఘాస్?"

మళ్ళీ గడ్డేనా అని. మా ఆయన టిఫిన్ డబ్బాలో పెడితే ఆఫీసులోనూ ఇదే గోల. డబ్బా మూత తియ్యగానే ఎవరో రావ్ జీ ఇవాళ కూడా ఘాస్ తెచ్చుకున్నారా అన్నారట. లంచ్ టేబుల్ చుట్టూ అందరూ నవ్వారట. మా ఆయన నవ్వేసి ఊరుకున్నారు గానీ మర్నాటి నుంచి ఆకుకూర ఇంట్లోనే తింటాను, డబ్బాలో పెట్టకు అన్నారు. ఆయనకి నామోషీ ఎక్కువ. సరేనని రాత్రికీ సెలవు రోజుకీ ఎక్కువ వండడం మొదలుపెట్టాను.

మీరు అడగవచ్చు, డాక్టరు ఆకుకూరలు వద్దన్నాక ఎలా పెట్టావమ్మా అని. ఇప్పుడు నన్ను నేనూ అదే అడుక్కుంటాను. అప్పుడు నాకసలు ఆ ఆలోచనే రాలేదు. ఆకుకూర అంటే బజార్లో కట్టలు కట్టి అమ్మేది. డాక్టరు చెప్పినవన్నీ అవే. మా పెరట్లోది ఎవరూ విత్తలేదు, ఎవరూ అమ్మలేదు. పైగా మా ఊళ్ళో గలిజేరు పెట్టేది ఒంట్లో బాగాలేనివాళ్ళకే. ఒంటికి మంచిదనే పెట్టాను. నా తలలో అది డాక్టరు లిస్టుకి అవతలి సంగతి.

ఆగస్టు పరీక్షలో ఐ.ఎన్.ఆర్. రెండు పాయింట్ ఒకటి వచ్చింది. ఆస్పత్రి ఐ.ఎన్.ఆర్. క్లినిక్‌లో మమ్మల్ని చూసే డాక్టర్ మేడమ్ బిళ్ళ ఆరుకి పెంచింది. పదిహేను రోజులకి మళ్ళీ చూస్తే ఒకటి పాయింట్ ఎనిమిది. ఆవిడ ఢిల్లీ మనిషి, గబగబా మాట్లాడుతుంది, పని తెలిసిన మనిషి. హరీ సబ్జీ, అంటే ఆకుకూరలు, తింటున్నారా అనడిగింది. పాలక్, మేథీ అన్నీ బంద్ అని మా ఆయన చెప్పారు. పక్కనే ఉన్న నేనూ తల ఊపాను. అబద్ధం చెబుతున్నానని నాకు అనిపించలేదు.

ఆవిడ కలం ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"రావ్ జీ, సచ్ బతాయియే. గోలీ మిస్ కర్‌తే హై క్యా?"

బిళ్ళ ఎగ్గొడుతున్నారా అని. మా ఆయనకి ఒళ్ళు మండిపోయింది. మా ఇంట్లో క్యాలెండరు మీద ప్రతి రాత్రీ బిళ్ళ వేసుకోగానే టిక్కు పెట్టడం అలవాటు. ఏడేళ్ళలో ఒక్క గడి ఖాళీ లేదు. అదే చెప్పారు. ఆవిడ నమ్మలేదు. బిళ్ళ ఏడుకి పెంచి, ఫైలులో ఏదో రాసింది. బయటికొచ్చి చూసుకుంటే 'పూర్ కంప్లయన్స్' అని ఉంది, మందు సరిగ్గా వాడడం లేదని. మా ఆయన ఆ కాగితం పట్టుకుని కారిడార్‌లో అలాగే నించుండిపోయారు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో తన ఫైలు మీద ఒక్క రిమార్కు పడలేదని ఆయన గొప్ప. ఇంటికి రాగానే క్యాలెండరు గోడ మీంచి తీసి బల్ల మీద పరిచి, గడి గడీ వేలితో తడిమి చూసుకున్నారు.

సెప్టెంబరు మొదటి వారంలో ఆయన కాళ్ళు కొంచెం వాచాయి. సాక్సు విప్పితే అచ్చు పడి ఉండేది. వాపుకి గలిజేరు మంచిదని మా నాయనమ్మ వైద్యం. నేను గలిజేరు రెండు పూటలా పెట్టాను. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

తర్వాత వారమే నేను చెప్పిన ఆ ఆదివారం.

ఆటోలో ఎమర్జెన్సీకి వెళ్ళాం. అక్కడి డ్యూటీ డాక్టరుకి ఆయాసం సంగతి చెప్పకముందే వాల్వు చప్పుడు మారిందని చెప్పాను. అతను నా మొహం చూసి వెంటనే స్టెతస్కోప్ పెట్టాడు. తర్వాత అంతా పరుగే. ఎకో తీశారు. సినీ ఫ్లోరోస్కోపీ అని ఎక్స్‌రే లాంటిది తీశారు. అందులో మెటల్ వాల్వుకున్న రెండు రెక్కల్లో ఒకటి తెరుచుకుంటోంది, రెండోది కదలకుండా బిగుసుకుపోయింది. స్టక్ వాల్వ్ అన్నారు. రక్తం గడ్డకట్టి రెక్కని పట్టేసిందట. ఐ.ఎన్.ఆర్. ఒకటి పాయింట్ నాలుగు. రోజుకి ఏడు మిల్లీగ్రాములు వేసుకునే మనిషికి అంత తక్కువ ఎలా ఉంటుందని అక్కడా అదే అనుమానం. కేసు షీటు మీద మళ్ళీ అదే మాట రాశారు.

మళ్ళీ గుండె తెరవాలి, లేదా గడ్డని కరిగించే మందు ఎక్కించాలి. మందు పేరు స్ట్రెప్టోకైనేజ్. గడ్డ కరుగుతూ ముక్క విరిగి మెదడుకి వెళ్ళవచ్చు, పక్షవాతం రావచ్చు, రక్తస్రావం కావచ్చు, సంతకం పెట్టండి అన్నారు. మా ఆయన ఆయాసంతోనే ఆ ఫారం రెండు వైపులా చదివారు. చదివి ఇచ్చాక నేను సంతకం పెట్టాను. సంతకం సరిగ్గానే పడింది.

ఐ.సి.సి.యు.లో డ్రిప్పు ఒకటిన్నర రోజు నడిచింది. రెండో రోజు పొద్దున్న నన్ను లోపలికి పిలిచారు. సిస్టర్ ఆయన చేత చెంచాతో టీ తాగించబోతే చెంచా జారిపోయిందట. నేను వెళ్ళేసరికి ఆయన నన్ను చూసి మాధురి గురించి అడగాలని నోరు తెరిచారు. పేరు రాలేదు. 'మా, మా' అంటున్నారు, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. కన్నకూతురి పేరు నోటికి రాక గింజుకుంటున్న మనిషిని చూస్తూ నించోవడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. చిన్న ముక్క మెదడుకి వెళ్ళింది, చూద్దాం అన్నారు డాక్టర్లు. మధ్యాహ్నానికి మాట వచ్చింది. సాయంత్రానికి పేరు వచ్చింది. కుడి చేతి పట్టు మాత్రం కొంచెం తగ్గింది. ఆ రాత్రి ఎకోలో రెక్క కదులుతోందన్నారు. మూడో రోజు నేను వంగి వింటే చప్పుడు గట్టిగానే ఉంది.

పన్నెండు రోజులుంచి, బిళ్ళ ఎనిమిదికి పెంచి, ఐ.ఎన్.ఆర్. రెండు పాయింట్ తొమ్మిది చేసి పంపారు. పది రోజులాగి పరీక్షకి రమ్మన్నారు. ఇంటికొచ్చేసరికి మాలీ మిషనుతో పెరడంతా కోసేసి వెళ్ళాడు. నాకూ కోసే ఓపిక లేదు. సొరకాయ ఉడికించాను, అన్నంలో పెరుగు కలిపాను. ఆ రోజుల్లో ఆకు అన్నది ఇంట్లో లేదు. దాని గురించి ఆలోచించనైనా లేదు.

తొమ్మిదో రోజు పొద్దున్న బాత్రూమ్‌లోంచి నన్ను పిలిచారు. మూత్రం ఎర్రగా ఉంది. మొహం కడుక్కుంటే ముక్కులోంచి రక్తం. తువ్వాలు పెట్టి నొక్కితే ఆగదు. మళ్ళీ ఆటో, మళ్ళీ ఎమర్జెన్సీ. ఈసారి ఐ.ఎన్.ఆర్. ఎనిమిది దాటింది. రక్తం గడ్డకట్టి చావబోయిన మనిషి నెల తిరక్కుండా రక్తం ఆగక చావబోతున్నాడు. బిళ్ళలు ఆపేసి, ప్లాస్మా ఎక్కించి, ఒక ఇంజెక్షన్ అతి కొద్దిగా ఇచ్చారు. ఎక్కువిస్తే వాల్వు మళ్ళీ బిగుసుకుంటుందని భయపడుతూ ఇచ్చారు. సాయంత్రానికి రక్తం ఆగింది.

మర్నాడు డాక్టర్ మేడమ్ స్వయంగా వార్డుకి వచ్చింది. ఈసారి ఆవిడ గొంతులో కోపం లేదు, అయోమయం ఉంది. ఏడు వేసుకుంటే ఒకటి పాయింట్ నాలుగు, ఎనిమిదికి ఎనిమిది, ఇది బిళ్ళ ఎగ్గొట్టే పని కాదు, మీ ఇంట్లో ఏదో మారింది అంది. హోమియో మందులా, ఆయుర్వేదమా, పసరు ఏదైనా తాగించారా అని ఒక్కొక్కటే అడిగింది. ఏమీ లేదన్నాం. నిజంగానే మాకేమీ తోచలేదు.

నాలుగో రోజు మా ఆయన ఆస్పత్రి కిచిడీ తినలేక పక్కకి పెట్టేశారు. పొన్నగంటి పప్పు కావాలన్నారు. మాలీ కోసినా కుళాయి దగ్గర పొన్నగంటి మళ్ళీ చిగురేసింది. రెండు గుప్పిళ్ళు కోసి, పెసరపప్పుతో వండి, స్టీలు డబ్బాలో పట్టుకెళ్ళాను. నేను మూత తీసి కలుపుతుంటే డ్రిప్పు మార్చడానికి సిస్టర్ వచ్చింది. కేరళ మనిషి, ఇరవయ్యేళ్ళుగా ఢిల్లీలో ఉద్యోగం. డబ్బాలోకి తొంగిచూసి ఆవిడ మొహం వెలిగిపోయింది. పొన్నాంగణ్ణి కదా, ఢిల్లీలో ఎక్కడ దొరికింది అని అడిగింది. నేను గర్వంగా మా పెరటి సంగతంతా చెప్పాను. వానాకాలమంతా రోజూ ఇవే తింటామని, గలిజేరు, గంగపావిలి, తోటకూర, ఏది ఎలా వండాలో కూడా చెప్పాను. చెబుతుంటే ఆవిడ మొహంలో వెలుగు తగ్గిపోయింది. ముద్ద ఆయన నోటి దాకా వెళ్ళకుండా నా చెయ్యి పట్టుకుంది.

"దీదీ, యే సబ్ డాక్టర్ కో బతాయా?"

ఇవన్నీ డాక్టరుకి చెప్పారా అని. లేదన్నాను. ఇవి పాలక్ కాదు కదా అన్నాను.

ఆవిడ డబ్బా మూత పెట్టి, అలాగే పట్టుకుని డాక్టర్ గదికి తీసుకెళ్ళింది. వెనకాల నేను. మేడమ్ డబ్బా చూసింది, రోజుకి ఎంత అనడిగింది. నేను రెండు చేతులూ దోసిలి పట్టి చూపించాను, రెండు పూటలా అన్నాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలిపోయింది. ఆకుల్లో విటమిన్ కె ఉంటుంది, అది ఈ బిళ్ళకి విరుగుడు, పాలక్ పేరు చెప్పింది ఉదాహరణకి, ఆకు ఏదైనా ఆకేనని చెప్పింది. తర్వాత ఇంకో మాట అంది.

"ఎమర్జెన్సీలో బ్లీడింగ్ ఆపడానికి ఇచ్చిన ఇంజెక్షన్ ఏమిటో తెలుసా? అదీ విటమిన్ కె. మేం చుక్క ఇవ్వడానికే భయపడ్డాం. మీరు రోజూ పప్పులో పెట్టారు."

హిందీలోనే చెప్పింది. నాకు మాత్రం తెలుగులో తగిలింది.

కారిడార్‌లో మంచినీళ్ళ కూలరు దగ్గర నించుని ఏడ్చాను. జనం చూస్తున్నా ఆగలేదు. బిళ్ళ వేసింది ఈ చేతులే, విరుగుడు వండింది ఈ చేతులే. వాపుకి మందని రెండు పూటలా పెట్టింది ఈ చేతులే. బిడ్డ పేరు పలకలేక ఆయన ఏడ్చిన ఏడుపు నేను పెట్టినది. నేనే చంపేసేదాన్ని అనుకున్నాను. ఇంటికి వెళ్ళగానే పెరట్లో ఉన్న ప్రతి మొక్కా వేళ్ళతో పీకి తగలబెట్టాలనుకున్నాను.

ఆయన మంచం దగ్గరికి వెళ్ళి అదే చెప్పాను. ఆయన దుప్పటి అంచు సర్దుకుంటూ మెల్లగా అన్నారు.

"హరీ సబ్జీ అని ఆవిడ అడిగినప్పుడు నాకు మన పెరడు గుర్తొచ్చింది. గడ్డి తింటున్నామని ఆవిడ ముందు ఎలా చెప్పను? ఆఫీసులో నవ్వినట్టు నవ్వుతుందేమోనని ఊరుకున్నాను. నువ్వు వండావు, నేను దాచాను. ఒక్కదానివే మొయ్యకే."

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇంత చిన్నదానికి నామోషీ ఏమిటి, ప్రాణం కంటే ఎక్కువా అని కేకలు వేశాను. పక్క మంచం పేషెంటు లేచి కూర్చున్నాడు. సిస్టర్ వచ్చి ఇద్దరినీ కసురుకుంది. కేకలయ్యాక తేలికయింది. ఆయనకీ అయినట్టుంది.

డిశ్చార్జి చేసే రోజు మేడమ్‌తో నేను పెరడు పీకేస్తానని చెప్పాను. వద్దంది. ఆకుకూర మంచిదే, మానేస్తే ఇంకో ప్రమాదం, ఇప్పుడే చూశారుగా అంది. ఎంత తింటారో అంతే తినండి, రోజూ తినండి, ఇవాళ దోసెడు రేపు సున్నా వద్దు, ఆ కొలతకి సరిపడా బిళ్ళ నేను చూసుకుంటాను అంది. మా ఆయన తన ఫైలు ముందుకి తోసి, కుడి చేతి వేలితో ఆ రిమార్కు చూపించారు. ఆవిడ అది కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, 'డైటరీ విటమిన్ కె, హిస్టరీ నాట్ టేకెన్ ప్రాపర్లీ' అని రాసింది. అంటే సరిగ్గా అడగలేదని తన మీదే వేసుకుంది. మా ఆయన దాన్ని జెరాక్స్ తీయించారు.

రెండు నెలలు వారం వారం రక్తపరీక్ష. ఇంట్లో ఒక చిన్న స్టీలు గిన్నె తీసి పక్కన పెట్టాను. రోజుకి ఉడికిన ఆకు ఆ గిన్నెడు, మధ్యాహ్నం ఒక్క పూటే. క్యాలెండరు గడిలో బిళ్ళకో టిక్కు, ఆకుకో టిక్కు. ఆకు టిక్కు మాధురి పెట్టేది. డిసెంబరుకి బిళ్ళ ఆరు దగ్గర నిలబడింది, ఐ.ఎన్.ఆర్. మూడు దగ్గర నిలబడింది. చలికాలం పెరట్లో బథువా మొలిచింది, మన వైపు పప్పుకూర అంటారు. ఎండాకాలం ఏమీ మొలవకపోతే బండి మీద తోటకూర కొంటాను. కొలత మాత్రం అదే గిన్నె.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. ఆయన ఆఫీసుకి వెళుతున్నారు. చేతి పట్టు పూర్తిగా రాలేదు, సంతకం మారింది. కొత్త సంతకం ఆఫీసులో మళ్ళీ నమోదు చేయించుకోవాల్సి వచ్చింది. కొన్ని పేర్లు ఒక్కోసారి ఆలస్యంగా వస్తాయి. నాకు ఇప్పటికీ గలిజేరు కోసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ భయం పోదనుకుంటాను, పోకపోయినా ఫరవాలేదు.

చదివేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. రక్తం పల్చబడే మందు వాడే మనిషి ఇంట్లో ఉంటే, ఒక వారం పాటు నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ కాగితం మీద రాయండి, కొన్నదీ, కోసిందీ, పక్కింటివాళ్ళు ఇచ్చిందీ. ఆ కాగితం డాక్టరు ముందు పెట్టండి. ఆకు పేరు వాళ్ళ భాషలో తెలియకపోతే వేళ్ళతో పీకి కవర్లో పట్టుకెళ్ళండి. నా గిన్నె చూసి మీరు కొలవకండి, మీ కొలత మీ డాక్టరే చెప్పాలి.

కిందటి నెల ఐ.ఎన్.ఆర్. క్లినిక్ బెంచీ మీద నా పక్కన ఒక హర్యానా ఆవిడ కూర్చుంది, భర్త ఫైలు ఒళ్ళో పెట్టుకుని. ఆయనదీ మెటల్ వాల్వే. చలికాలం వచ్చిందంటే పరీక్ష పడిపోతుందని, బిళ్ళలు సరిగ్గా ఇవ్వడం లేదని డాక్టరు తిడుతోందని చెప్పుకుని బాధపడింది. సాగ్ పెడుతున్నావా అనడిగాను. రామ రామ, కొనడమే మానేశాం అంది. పొలంలోంచి ఏం కోస్తావు దీదీ అనడిగాను.

"బథువా. పర్ వో తో అప్నే ఆప్ ఉగ్‌తా హై."

అది దానంతటదే మొలుస్తుంది కదా అని. నేను లేచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మా నంబరు పిలుస్తున్నారు, మాతో లోపలికి రా, ఈ మాట డాక్టరుకి చెప్పు అన్నాను. ఇంత చిన్న మాటకా అని ఆవిడ నవ్వింది. ఈ చిన్న మాట చెప్పకే ఈయన చావు దాకా వెళ్ళొచ్చారని, పక్కనే కుడి చేతిలో ఫైలు జారుతుంటే ఎడమ చేత్తో సర్దుకుంటున్న మా ఆయన్ని చూపించాను. ఆవిడ ఆయన కుడి చేతి వంక చూసింది. నవ్వడం మానేసి, ఫైలు చంకలో పెట్టుకుని లేచింది.